వెలుగు వేరు, వెల వేరు

నందిగామ మిరపకాయల కొట్లో గుమస్తా బల్ల మీద చిటికెన వేలంత టార్చి ఒకటి ఉంటుంది. దొంగ నోట్లు పట్టడానికి పెట్టుకున్నది. దాని ఊదారంగు వెలుగు ఐదొందల నోటు మీద పడితే నంబరు మెరుస్తుంది, కాగితంలో కలిపిన సన్నటి పోగులు పైకి తేలతాయి. తేలకపోతే నోటు వెనక్కి పోతుంది. గుమస్తాకి దానితో అంతకు మించి పని లేదు. కానీ ఆ టార్చిని చీకటి పడ్డాక ఇంట్లో తిప్పి చూస్తే, పుట్టి పెరిగిన ఇల్లే కొత్తగా ఉంటుంది. సబ్బు పొడిలో కలిపే మెరుగుమందు వల్ల తెల్ల చొక్కా నీలంగా వెలుగుతుంది. నూనెలో కలిపిన పసుపు కొత్త కాంతి తెచ్చుకుంటుంది. పెరట్లో రాళ్ళ పోగు మీద వేస్తే, మా మెట్ట ఊళ్ళలో కొదవ లేని తేళ్ళు రాతి సందుల్లోంచి నీలం కలిసిన ఆకుపచ్చతో బయటపడతాయి. పగలంతా అవి అక్కడే ఉన్నాయి. మన కన్నే వాటిని రాతిలో కలిపేసుకుంది.

అదే టార్చి పాత ఇళ్ళ అద్దాల బీరువా మీద వేస్తే ఎప్పుడైనా ఒక గాజు సామాను కూడా పలుకుతుంది. జగ్గయ్యపేటలో మా మేనత్తగారింట్లో అలాంటి పళ్ళెం ఉంది. మూడు పొట్టి కాళ్ళు, పూరేకుల్లా తీర్చిన అంచు. పగటిపూట నిమ్మపండు రంగుకీ చిగురు రంగుకీ నడుమ ఉంటుంది. ఊదా వెలుగు పడగానే గాజు గాజంతా లోపలినుంచి పచ్చగా రాజుకుంటుంది. "ఇదేందిరా, దెయ్యం పట్టినట్టు!" అంది అత్తయ్య. గాజులో యురేనియం కలిపారని చెప్పాను. వెంటనే రెండు ప్రశ్నలు వచ్చాయి. "ఇంట్లో ఉంచుకోవచ్చా?" అని ఆవిడ. "అమ్మితే ఎంతొస్తుంది బావా?" అని ఆవిడ కొడుకు. భయం ఒకటి, ఆశ ఒకటి. ఆ రెంటికీ నడుమ అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: అసలిది ఏమిటి? దాన్ని మనం సాధారణంగా అడగం.

ముందు భయం సంగతి. తెలుగు రాష్ట్రాల్లో యురేనియం అనగానే కడప జిల్లా తుమ్మలపల్లె గని, 2019లో నల్లమల తవ్వకాల మీద రేగిన ఆందోళన గుర్తుకొస్తాయి. కాబట్టి భయపడటం తెలివితక్కువ పనేమీ కాదు. అయితే గని భయం వేల టన్నుల మట్టిది, దాన్ని కడిగిన నీటిది. పళ్ళెంలో ఉన్నది సాధారణంగా బరువులో రెండు శాతం, అంతకన్నా తక్కువ. కొన్నిటిలో మాత్రం చాలా ఎక్కువే కలిపారు. అదీ గాజులో కరిగి, గాజుతో పాటు గడ్డకట్టి ఉంది. బీరువాలో ఉన్న పళ్ళెం వల్ల మనిషికి తగిలే రేడియోధార్మికత లెక్కలోకి రానంత స్వల్పం. చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఊరగాయ, పెరుగు, నిమ్మరసం లాంటి పులుపు సరుకు అందులో నిల్వ పెట్టకూడదు; పులుపు గాజునుంచి కొంత లాగుతుంది. అంచు పెచ్చు ఊడితే అరగదీయకూడదు. ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు.

భయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ పచ్చ మెరుపే రేడియోధార్మికత అని చాలామంది అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. గాజులో యురేనియం పరమాణువు రెండు ఆక్సిజన్ పరమాణువులతో జతకట్టి ఉంటుంది. ఆ జత కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని మింగి, కనపడే పచ్చ కాంతిగా బయటికి వదులుతుంది. టార్చి ఆర్పగానే మెరుపూ ఆరిపోతుంది. రేడియోధార్మికత అలా ఆరదు, యురేనియంలో సగం తరిగిపోవడానికి 447 కోట్ల సంవత్సరాలు కావాలి. ఈ తేడా తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకే చాలా కాలం పట్టింది. ఈ రకం మెరుపును 1852లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ శాస్త్రంగా వివరించాడు. ఆ ప్రయోగాల్లో యురేనియం గాజునూ వాడాడు. 1896లో పారిస్‌లో హెన్రీ బెకెరెల్, ఎండలో మెరిసే యురేనియం లవణాలు ఆ మెరుపుతోపాటు ఎక్స్-కిరణాల వంటివేవో విడుస్తాయేమో చూద్దామని నల్ల కాగితం చుట్టిన ఫోటో పలకల మీద పెట్టాడు. మబ్బు పట్టి ఎండ రాకపోతే పలకల్ని సొరుగులో దాచాడు. తరవాత కడిగి చూస్తే, ఎండ లేకపోయినా, మెరుపు లేకపోయినా, పలక మీద ముద్ర గట్టిగా పడి ఉంది. మెరుపుకీ కిరణానికీ సంబంధం లేదని ఆ చీకటి సొరుగు తేల్చింది.

ఇక పుట్టుక. 1789లో బెర్లిన్‌లో మార్టిన్ క్లాప్రోత్ నల్లటి పిచ్‌బ్లెండ్ ఖనిజంలో ఈ మూలకాన్ని కనిపెట్టాడు. అప్పటికి ఎనిమిదేళ్ళ కిందటే దొరికిన యురేనస్ గ్రహం పేరు దానికి పెట్టాడు. దాంతో ఏం చేయాలో మొదట రంగు పనివాళ్ళకే తోచింది. 1830లలో బొహీమియాలో, అంటే ఈనాటి చెక్ దేశంలో, రీడెల్ కుటుంబం పచ్చగానూ పసుపుగానూ మెరిసే గాజు తయారుచేసి, ఇంటి అమ్మాయి అన్నా పేరు మీద అమ్మింది. ఖనిజం బొహీమియాలోనే యోఆకిమ్‌స్టాల్ గనుల్లో దొరికేది. గాజుకీ పింగాణీకీ రంగు తీసుకుని, మిగిలిన పిప్పిని గని బయట పారబోసేవాళ్ళు. 1898లో మేరీ క్యూరీ, పియేర్ క్యూరీ రేడియం ఉనికిని పసిగట్టాక, దాన్ని విడదీయడానికి తెప్పించుకున్నది ఆ పిప్పినే. కొన్నేళ్ళు తిరిగేసరికి రేడియం ప్రపంచంలోకెల్లా ఖరీదైన పదార్థాల్లో ఒకటయింది. సరుకు అదే, గని అదే. పారబోసిన వాళ్ళకి అందులో ఏముందో తెలియదు, అంతే.

బొహీమియా అంటే మనకి దూరదేశంలా అనిపిస్తుంది. కానీ అక్కడి యాబ్లోనెత్స్ పట్టణం నుంచి గాజులు, పూసలు ఓడల మీద హిందూదేశానికి లెక్కలేనన్ని వచ్చేవి. మన ముత్తవ్వల చేతుల మీద మోగిన గాజుల్లో కొన్ని అక్కడివే. జమీందార్లు, పెద్ద వర్తకులు యూరప్ గాజు మీద ఎంత మోజు పడ్డారో హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గాజు సామాను గదికి వెళ్తే తెలుస్తుంది. జగ్గయ్యపేట నైజాం సరిహద్దు మీద ఉన్న వ్యాపారపు ఊరు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలును పెంచి తండ్రి పేరు పెట్టిన నాటినుంచీ అటు సరుకు ఇటు, ఇటు సరుకు అటు మారిన చోటు. ఇలాంటి ఊళ్ళో ఒక సీమ గాజు పళ్ళెం తేలడంలో వింత లేదు.

వింత ఏమిటంటే, అది తినడానికి పనికిరాలేదు. విస్తరాకు, కంచు, ఇత్తడి, ఉన్నవాళ్ళకి వెండి. ఇవే మన భోజనపు సామాను. పింగాణీ, గాజు మడి వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. మట్టిపాత్ర లాగే గాజుకూ ఎంగిలి అంటితే పోదని పెద్దవాళ్ళ నమ్మకం. మా అత్తయ్య అత్తగారు ఆ పళ్ళెంలో అరటిపండు కూడా పెట్టనిచ్చేది కాదట. "చూట్టానికి బాగుంది, చూసుకోండి" అనేదట. అలా భోజనాల బల్ల కోసం పుట్టిన సామాను ఇక్కడ అద్దాల బీరువాలో బొమ్మగా బతికింది.

ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, పాత గాజును గుర్తుపట్టేవాడికి పెద్ద చిక్కే తెచ్చిపెడుతుంది. ఏళ్ళ తరబడి బల్ల మీద జరిపిన పళ్ళేనికి అడుగున సన్నటి గీతలు పడతాయి. అవి ఏ వైపుకంటే ఆ వైపుకు, కొన్ని లోతుగా, కొన్ని పైపైన ఉంటాయి. కొత్తదాన్ని పాతదిగా చూపాలని గరుకు కాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే వైపు సాగుతాయి. అందుకే తెలిసినవాళ్ళు ముందు పళ్ళేన్ని తిరగేస్తారు. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఈ పరీక్ష చాలావరకు పనిచేస్తుంది. మడి పాటించిన ఇంట్లోని పళ్ళేనికి అడుగున గీతే ఉండదు. అరుగుదల లేదు కాబట్టి కొత్తదని తీర్పిస్తే తప్పు. అక్కడ వాడకం చెప్పిన సాక్ష్యం ఇక్కడ ఆచారం చెరిపేసింది. వస్తువును గుర్తుపట్టాలంటే అది బతికిన ఇల్లు కూడా తెలియాలి.

మరి టార్చి సాక్ష్యం ఎంతవరకు? మొదటి మెట్టు వరకే. చవకగా దొరికే టార్చి ఎక్కువగా 395 నానోమీటర్లది. అందులో కంటికి కనపడే ఊదా కూడా కలిసి ఉంటుంది, గాజు మీద అది పరుచుకుని తికమక పెడుతుంది. 365 నానోమీటర్లదైతే ఫలితం తేటగా ఉంటుంది. అందులో పచ్చగా మెరిసినదల్లా యురేనియం అనుకోకూడదు. ఇసుకలోని ఇనుము వల్ల గాజుకి వచ్చే ఆకుపచ్చ జీరను పోగొట్టడానికి పాతకాలపు కొలిమివాళ్ళు మాంగనీసు కలిపేవాళ్ళు. అదీ పచ్చగానే మెరుస్తుంది, కాకపోతే నీరసంగా. కాడ్మియం కలిసిన గాజు పసుపు, నారింజ వైపు తిరుగుతుంది. యురేనియం మెరుపు దిట్టంగా, అంచునుంచి అడుగుదాకా ఒకే తీరున ఉంటుంది. ఇంకా సందేహం ఉంటే రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటరు ఉండనే ఉంది. యురేనియం దగ్గర దాని టిక్కుల వేగం పెరుగుతుంది, మాంగనీసు దగ్గర పెరగదు.

కేవలం రంగు చూసి చెప్పేవాళ్ళు రెండు వైపులా పడతారు. ఇనుము, రాగి, క్రోమియం కూడా గాజును పచ్చగా చేస్తాయి, కాబట్టి పచ్చటి గ్లాసులు చాలావరకు ఉత్త పచ్చ గ్లాసులే. మరోవైపు, 1885లో అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ కంపెనీ బంగారమూ యురేనియమూ కలిపి చేసిన బర్మీస్ గాజు గులాబీ రంగు నుంచి లేత పసుపులోకి జారుతుంది. దాన్ని పగలు చూసి యురేనియం అని ఎవరూ అనుకోరు.

మెరుపు వయసు కూడా చెప్పదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యురేనియం బాంబు పనికి మళ్ళడంతో అమెరికాలో గాజువాళ్ళకి దొరకలేదు. 1958లో మళ్ళీ అనుమతి వచ్చాక వాళ్ళు వాడింది ఎక్కువగా అణు ఇంధనం కోసం సారం తీసేయగా మిగిలిన యురేనియం. మెరుపులో తేడా ఏమీ లేదు. ఒహాయోలో మోసర్ లాంటి కంపెనీలు పాత అచ్చుల తీరులోనే ఈ కాలంలోనూ చేశాయి. కాబట్టి వయసు కావాలంటే టార్చి ఆర్పి, పట్టపగలు వేళ్ళతో తడమాలి. అచ్చు ముక్కలు కలిసిన చోట గీత ఎక్కడ ఉంది, ఊది చేసినదైతే కడ్డీ విరిచిన మచ్చ అడుగున ఉందా, నమూనా ఏ కంపెనీ పాత జాబితాకు సరిపోతుంది? ఒక్కో ప్రశ్నకి ఒక్కో వెలుగు కావాలి.

ఈ మాట మా ప్రాంతానికి కొత్త కాదు. కృష్ణకి అవతల గట్టున కొల్లూరు ఉండేది, ఇప్పుడది పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చూసినప్పుడు అక్కడ దాదాపు 60,000 మంది వజ్రాల కోసం తవ్వుతున్నారు. దక్కను గనులు తిరిగిన టావెర్నియే ఒక వింత రాసుకున్నాడు. ఐరోపాలో వజ్రాన్ని పగటి వెలుగులో పరీక్షిస్తారు. ఇక్కడి వర్తకులు మాత్రం రాత్రిపూట, గోడలో అడుగు వెడల్పు గూడు చేసి, అందులో లావు వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ళ నడుమ పట్టుకుని ఆ వెలుగులో దాని నీటిని, అంటే తేటదనాన్ని చూస్తారు. రాయిలో నీలి జీర దాగి ఉందేమో తేలాలంటే గుబురు చెట్టు కిందికి తీసుకెళ్తారు, ఆకుల పచ్చ నీడలో నీలం దాక్కోలేదు. టార్చి పుట్టడానికి రెండు శతాబ్దాల ముందే మనవాళ్ళు ఒక రాయికి ఒక దీపం, ఒక నీడ కేటాయించుకున్నారు. నేటి వజ్రాల పరీక్షలోనూ అతినీలలోహిత దీపం ఉంది. నాలుగో వంతు నుంచి మూడో వంతు వజ్రాలు దాని కింద ఎంతో కొంత మెరుస్తాయి, ఎక్కువగా నీలంగా. మెరిసినంత మాత్రాన ధర పెరగదు, చాలాసార్లు తగ్గుతుంది కూడా.

టావెర్నియే చెప్పిన ఇంకో సంగతి నాకు అంతకన్నా ఇష్టం. రాయిని చూడటం దీపం ముందు జరిగేది గానీ, ధర మాట్లాడటం గుడ్డ కింద జరిగేది. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, పంచె చాటున చేతులు కలిపి, నోరు విప్పకుండా బేరం ఆడేవాళ్ళు. చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలు పట్టుకుంటే నూరు, వేలి కొస పట్టుకుంటే పది. పక్కన కూర్చున్నవాడికి కూడా ఎంతకు తెగిందో తెలియదు. రాయి ఏమిటో నలుగురూ చూడొచ్చు. ధర ఆ రెండు చేతులది. గుర్తుపట్టడానికి సాక్ష్యం కావాలి, వెల కట్టడానికి ఇద్దరి ఒప్పందం చాలు. ఈ రెండు పనుల్నీ మన పెద్దలు వేరువేరు చోట్ల పెట్టారు. మనం ఒకే చోట కుక్కి, "ఇదేమిటి" అనాల్సిన చోట "ఎంతొస్తుంది" అంటున్నాం.

యురేనియం గాజు ధరకి కూడా సూత్రాలు లేకపోలేదు. ఎవరు చేశారు, ఏ నమూనా, ఆ నమూనాలో ఈ ఆకారం అరుదా కాదా, మూత ఉన్న సామానైతే మూత మిగిలిందా, జత పూర్తిగా ఉందా, అంచున పెచ్చు ఉందా, లోపల నెర్రె ఉందా, తడి తగిలి తగిలి గాజు పాలిపోయిందా? ఇవన్నీ అయ్యాక మెరుపు కొంచెం కలుస్తుంది. అమెరికాలో 1930ల కరువు రోజుల్లో జెనెట్, హేజెల్ అట్లాస్ లాంటి కంపెనీలు యంత్రాల మీద కుప్పలు తెప్పలుగా చేసిన పచ్చ గాజు సామానును ఓట్స్ డబ్బాల్లో, సినిమా హాళ్ళలో ఉత్తినే పంచారు. అందులో కొంత యురేనియం గాజే. అంత విస్తారంగా ఉన్నది మెరిసినా మామూలు ధరే పలుకుతుంది. అదే పచ్చ, అరుదైన ఆకారంలో ఉంటే ఎన్నో రెట్లు పలుకుతుంది. అమ్మేవాడు రాసుకున్న ధర, అమ్ముడుపోయిన ధర ఒకటి కావు. గుంటూరు యార్డుకు టిక్కీలు తోలిన మిరప రైతుకి ఇది చెప్పక్కర్లేదు: ఇంట్లో వేసుకున్న లెక్క వేరు, పాటలో తెగిన రేటు వేరు, చేతికొచ్చిన డబ్బు వేరు. ఇంకొకటి, వందేళ్ళు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. అలాంటివాటిని సొంతంగా దేశం దాటించకూడదు. ఫలానా దేశంలో లక్షలు పలికిందన్న కబురు మన బీరువాలో పళ్ళేనికి సరాసరి వర్తించకపోవడానికి అదొక కారణం.

ఈ రెండు పనుల్ని కలిపేస్తే ఏం జరుగుతుందో తెలుగు నేల చూస్తూనే ఉంది. పాత రాగిచెంబు ఒకటి తెచ్చి, పిడుగు పడటంతో దానికి ఇరిడియం శక్తి వచ్చిందని, బియ్యపు గింజల్ని లాగుతుందని, విదేశీ అంతరిక్ష సంస్థలు కోట్లు పోసి కొంటాయని నమ్మించే రైస్ పుల్లింగ్ మోసాలు ఎన్ని కొంపలు ముంచాయో పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆ మోసంలో మొదట చెప్పేది ధర. వస్తువు ఏమిటన్నది ఆ తరవాత వస్తుంది, అప్పటికి వినేవాడి బుర్ర ధర దగ్గరే ఆగి ఉంటుంది. చీకట్లో నిజంగానే మెరిసే, నిజంగానే గైగర్ కౌంటరును పలికించే పళ్ళెం అలాంటివాళ్ళ చేతిలో పడితే పని ఇంకా సులువు. దానికి విరుగుడు ఒకటే, వస్తువు సంగతి ముందే తెలిసి ఉండటం. ఇది గాజు, ఇందులో కాస్త యురేనియం ఉంది, ఇలాంటివి ప్రపంచంలో లక్షల కొద్దీ ఉన్నాయి. ఈ మూడు ముక్కలు తెలిసిన ఇంటిని ఎవడూ మోసం చేయలేడు.

ఇంకో వైపు నష్టం కూడా మా ఊరు ఎరుగును. జగ్గయ్యపేట పక్కనున్న ధనంబోడు దిబ్బలో బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వేనాటికే దాని రాళ్ళు చాలావరకు కట్టుబడి పనులకి తరలిపోయాయి. మిగిలినవాటిలో మాంధాత చక్రవర్తి శిల్పఫలకం ఒకటి. చక్రవర్తి చెయ్యెత్తితే ఆకాశం నుంచి నాణేల వాన కురుస్తున్న దృశ్యం. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది, భారతీయ శిల్పం మీద పుస్తకాల్లో దాని బొమ్మ కనపడుతుంది. దాని పక్కన నిలబడ్డ రాళ్ళూ ఆ సున్నపురాయే, ఆ పనివాళ్ళ ఉలి దెబ్బలే. అవి ఏ గోడలో పునాదిగా ఉన్నాయో. కట్టుబడి రాయిగా వాటికి ఆ రోజు రేటు ఎంతో కొంత వచ్చే ఉంటుంది. ధర దక్కింది, వస్తువు పోయింది. చంద్రలోకం నుంచి ఊడిపడ్డ నిధుల్లా కాకుండా మన మధ్యే మామూలుగా పడి ఉన్న వస్తువులకి వచ్చే అసలు ప్రమాదం అది.

అందుకే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, పెద్దవాళ్ళు పోయాక బీరువా పంచుకునేటప్పుడు, పాత సామాన్ల బండి వీధిలోకి వచ్చినప్పుడు నేను చెప్పేది ఒకటే. ధర కనుక్కోవద్దని కాదు, దాన్ని రెండోదిగా ఉంచండి. ముందు ఒక చీటీ రాయండి. ఎంత వెడల్పు, ఏ రంగు, ఏ వెలుగులో ఎలా కనపడింది, అడుగున గుర్తు ఉందా, పెచ్చు ఎక్కడ ఊడింది. ఇంటికి ఎవరు తెచ్చారు, ఎక్కడ ఉండేది, ఎందుకు వాడలేదు. గాజు నిపుణుడు ఎవడూ ఆ చివరి మూడింటినీ టార్చి వేసి చెప్పలేడు. అడుగున గీతలు లేని పళ్ళేనికి ఆ చీటీయే సాక్ష్యం. రేపు ఎవరైనా కొనదలిస్తే ఆ చీటీ ధరను పెంచుతుంది కూడా, కానీ రాయాల్సింది అందుకు కాదు. చీటీలో వెల మాత్రం వేయకండి. దాన్ని ప్రతి పదేళ్ళకీ కొట్టేసి మళ్ళీ రాయాలి. వివరం ఒక్కసారి సరిగ్గా రాస్తే చాలు.

ధర చెప్పేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు. ఆ పళ్ళెం ఇంటికొచ్చిన సంగతి చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉంటారు, వాళ్ళకిప్పుడు వయసు మీదపడింది. వెళ్ళి అడగండి, మీ పక్కన కూర్చోబెట్టుకుని రాయండి.